గన్నవరం నుంచి కాశీ దాకా ఒక జనవరి ప్రయాణం

నాన్నగారి రెండో ఆబ్దికం కాశీలో పెట్టాలని అమ్మ చాలాకాలంగా అనుకుంటోంది. తిథి పుష్య బహుళ చవితి, అది సంక్రాంతికి వారం రోజుల ముందు వచ్చింది. అమ్మకు డెబ్బై రెండేళ్లు, మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. విజయవాడ మీదుగా వెళ్లే గంగా కావేరి ఎక్స్‌ప్రెస్ మాకు కుదిరే రోజున లేదు, ఉన్నా ఒక రాత్రీ పగలూ దాటే ఆ ప్రయాణం ఆమె తట్టుకోలేదు. అందుకని గన్నవరం నుంచి ఢిల్లీకి, అక్కడి నుంచి వారణాసికి విమాన టికెట్లు కొన్నాను. తిథికి రెండు రోజుల ముందు బయలుదేరుతున్నాం కాబట్టి ఒక పూట అటూ ఇటూ అయినా ఫరవాలేదని లెక్క వేసుకున్నాను. ఆ లెక్క సరైనదే. టికెట్లు కొన్న పద్ధతి మాత్రం సరైనది కాదు. రెండు విమానాలను రెండు వేర్వేరు సంస్థల్లో, వేర్వేరు పీఎన్ఆర్‌లతో తీసుకున్నాను. అలా కొనడం వల్ల ఇద్దరికీ కలిపి రెండు వేల చిల్లర మిగిలింది.

మా విమానం ఉదయం 9 గంటల 10 నిమిషాలకు బయలుదేరాలి. ఏడున్నరకే గన్నవరం చేరుకున్నాం. విజయవాడ ఊళ్లోంచి ఇరవై కిలోమీటర్లే కాబట్టి అక్కడికి చేరడం ఎప్పుడూ కష్టం కాదు. విమానాశ్రయం చిన్నది, శుభ్రంగా ఉంటుంది, వీల్‌చైర్ అడిగిన పది నిమిషాల్లో వచ్చింది. ఎనిమిదిన్నరకు బోర్డు మీద సమయం 9.50కి మారింది. తొమ్మిదిన్నరకు అది 10.30 అయింది, పదీ పదిహేనుకు 11.15 అయింది. ప్రతిసారీ కౌంటర్‌లో ఒకే మాట చెప్పారు: ‘ఢిల్లీలో పొగమంచు సర్, ఇంకో నలభై నిమిషాలు.’

పొగమంచు ఎవరి తప్పూ కాదు. డిసెంబరు, జనవరి నెలల్లో గంగా మైదానమంతా తెల్లవారుజామున తెల్లటి దుప్పటి కప్పుకుని ఉంటుంది. ఢిల్లీలో ప్రత్యేక పరికరాలున్న రన్‌వే మీద, దానికి తగిన శిక్షణ పొందిన పైలట్ 50 మీటర్ల దూరమే కనిపిస్తున్నా విమానాన్ని దించగలరు. ఎగరడానికి మాత్రం కనీసం 125 మీటర్లు కనిపించాలి. అందుకే అలాంటి ఉదయాల్లో దిగిన విమానాలు దిగినచోటే బారులు తీరి ఉండిపోతాయి. మమ్మల్ని తీసుకువెళ్లవలసిన విమానం కూడా ఢిల్లీ నుంచే రావాలి. ఈ సంగతి నాకు కౌంటర్‌లో తెలియలేదు. పక్క కుర్చీలో కూర్చున్న ఒక కుర్రవాడు ఫోన్‌లో ఫ్లైట్ రాడార్ తెరిచి ‘అంకుల్, మన విమానం ఇంకా ఢిల్లీలో నేల మీదే ఉంది’ అని చూపించాడు. అప్పుడు సమయం పదిన్నర. ఢిల్లీ నుంచి గన్నవరానికి రెండున్నర గంటలు. అక్కడ కదలని విమానం ఇక్కడ 11.15కి ఎలా బయలుదేరుతుంది?

నేను కౌంటర్‌కు వెళ్లి ఇదే అడిగాను. వారణాసి విమానం మధ్యాహ్నం 3.05కి ఉందని, దానిని సాయంత్రం 6.40 విమానానికి మార్చుకునే వీలు ఇంకా ఉందని, మీరు నిజమైన సమయం చెబితే ఇప్పుడే మార్చుకుంటానని వివరంగా చెప్పాను. అక్కడున్న ఉద్యోగి తల ఎత్తకుండానే ‘హైదరాబాద్ నుంచి వేరే విమానం తెప్పిస్తున్నాం సర్, పదకొండుంబావుకు కచ్చితం’ అన్నారు. నేను ఆ మాట నమ్మాను. ఆ వేరే విమానం రానే రాలేదు. పన్నెండుంబావుకు బోర్డు మీద 1.45 అని కనిపించినప్పుడు రెండో సంస్థకు ఫోన్ చేస్తే సాయంత్రం విమానంలో సీట్లు నిండిపోయాయని చెప్పారు. పదిన్నరకు ఆ విమానంలో పదకొండు సీట్లు ఖాళీగా ఉండటం నేను ఫోన్‌లో నా కళ్లతో చూశాను.

ఆలస్యం వల్ల మేము పోగొట్టుకున్నది నాలుగూ ముప్పావు గంటలు, అంతే. ఆ అబద్ధపు ‘కచ్చితం’ వల్ల పోగొట్టుకున్నవి రెండు టికెట్లు, ఒక రాత్రి, అమ్మ మనశ్శాంతి.

భోజనం సంగతి కూడా చెప్పాలి. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం రెండున్నర గంటల లోపు ప్రయాణానికి రెండు గంటలు, ఐదు గంటల లోపు ప్రయాణానికి మూడు గంటలు, అంతకు మించిన వాటికి నాలుగు గంటలు ఆలస్యమైతే సంస్థ ప్రయాణికులకు ఉచితంగా ఆహారం ఇవ్వాలి. పదకొండున్నర దాకా ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు. నేను వెళ్లి నిబంధన గుర్తు చేశాక అట్టపెట్టెలు వచ్చాయి. ఒక్కొక్కరికి ఒక కప్పు ఉప్మా, ఒక జ్యూస్ డబ్బా. కప్పులో పోసిన నీళ్లు వేడిగా లేక రవ్వ అడుగున గట్టిగానే ఉండిపోయింది, పైన ఎండిన ఉల్లిపాయ ముక్కలు తేలాయి. అమ్మ ఉల్లి ముట్టదు. సంచీలోంచి స్టీలు డబ్బా తీసి, తెల్లవారుజామున కలిపి తెచ్చిన పులిహోర మూతలో కొద్దిగా పెట్టి నాకిచ్చింది. ఫ్లైట్ రాడార్ చూపించిన కుర్రవాడికీ ఇంత పెట్టింది.

నిబంధనల్లో మరో గీత ఉంది, దాన్ని ప్రయాణికులందరూ తెలుసుకోవాలి. ఆలస్యం ఆరు గంటలు దాటుతుందని తేలితే వేరే విమానమో, పూర్తి డబ్బు వాపసో కోరే హక్కు మనకు వస్తుంది. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 లోపు బయలుదేరవలసిన విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైతే హోటల్ గది, అక్కడికి తీసుకువెళ్లి తీసుకువచ్చే వాహనం కూడా ఇవ్వాలి. నలభై నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోతే బోర్డు మీద ఆ ఆరు గంటల అంకె ముందుగా ఎప్పుడూ కనిపించదు. ఉద్దేశంతో అలా చేస్తారని నేను అనను, కాని ముందే నిజం చెప్పని పద్ధతి వల్ల లాభపడేది ప్రయాణికుడు మాత్రం కాదు. పైగా మన దేశంలో విమానం రద్దయితే, ముందస్తు సమాచారం ఇవ్వకపోతే, ప్రయాణ సమయాన్ని బట్టి గరిష్ఠంగా 5,000, 7,500 లేదా 10,000 రూపాయల పరిహారం ఉంది. వాతావరణం వంటి కారణాలకు అదీ వర్తించదు. కేవలం ఆలస్యానికి నగదు పరిహారం లేదు. అమెరికాలోని పిల్లల దగ్గరికి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్లివచ్చే మన పెద్దవాళ్లు గుర్తుంచుకోవలసిన తేడా ఇది: ఐరోపా నుంచి బయలుదేరే విమానం సంస్థ తప్పిదం వల్ల మూడు గంటలు, అంతకు మించి ఆలస్యంగా గమ్యం చేరితే అక్కడి 261వ నిబంధన కింద దూరాన్ని బట్టి 600 యూరోల వరకు అడగవచ్చు.

మధ్యాహ్నం 1.55కి బయలుదేరి నాలుగున్నరకు ఢిల్లీలో దిగాం. వారణాసి విమానం వేరే టెర్మినల్ నుంచి మూడున్నరకే వెళ్లిపోయింది. మొదటి సంస్థ సహాయ కౌంటర్‌లో ‘అది వేరే టికెట్, మాకు సంబంధం లేదు’ అన్నారు. చట్టప్రకారం వారి మాట నిజం. రెండు ప్రయాణాలూ ఒకే టికెట్ మీద ఉంటేనే, తప్పిన విమానానికి బదులు మరొకటి చూసే బాధ్యత సంస్థపై పడుతుంది. ఇది నేను ఒప్పుకుంటాను. కాని మర్నాటి ఉదయం వారణాసి విమానాలు సమయానికి వెళ్లే అవకాశం ఉందా అని అడిగినప్పుడు ‘యాప్‌లో చూసుకోండి’ అని పక్కకు తిరగడం ఏ నిబంధనలోనూ లేదు.

మాకు నిజం చెప్పింది వీల్‌చైర్ తోస్తున్న అబ్బాయి. పాతికేళ్లు ఉంటాయేమో. కౌంటర్ దగ్గర ఏమీ అనలేదు, బయటి గేటు వరకు తీసుకువచ్చి, అమ్మ కాళ్ల దగ్గర ఫుట్‌రెస్ట్ మడిచి, చెప్పులు సరిచేసి, అప్పుడు హిందీలో నెమ్మదిగా చెప్పాడు: ‘మాతాజీ, రేపు పొద్దున కూడా మంచు ఇలాగే ఉంటుంది. మూడు రోజులుగా బనారస్ విమానాలు రద్దవుతున్నాయి. మీకు పని ముఖ్యమైతే వందే భారత్‌లో వెళ్లండి.’ పొద్దుటి నుంచి ఏడెనిమిది మందిని అడిగాను. మా పని ఏమిటో ఆలోచించి సలహా ఇచ్చినవాడు అతనొక్కడే. అమ్మ అతని తలమీద చెయ్యి పెట్టింది.

దేశంలో మొదటి వందే భారత్ 2019 ఫిబ్రవరిలో న్యూఢిల్లీ, వారణాసి మధ్యనే మొదలైంది. ఉదయం 6 గంటలకు బయలుదేరి కాన్పూర్, ప్రయాగ్‌రాజ్ మీదుగా ఎనిమిది గంటల్లో చేరాలి. చైర్ కార్‌లో లేవు కాని ఎగ్జిక్యూటివ్ తరగతిలో రెండు సీట్లు దొరికాయి. ఆ రాత్రి గది కోసం ఏరోసిటీలో అడిగితే పది వేల పైమాటే చెప్పారు. మహిపాల్‌పూర్‌లో 2,800కు ఒక హోటల్ తీసుకున్నాం. లిఫ్ట్ ఉంది, వేడినీళ్లు వచ్చాయి, దుప్పట్లు మాత్రం తడి వాసన వేశాయి, హైవే హారన్ల మోతకు అమ్మకు కునుకు పట్టలేదు. విమానాశ్రయానికి దగ్గర అన్న ఒక్క సుగుణం తప్ప పెద్దవాళ్లతో ఉండదగిన చోటు కాదది. మర్నాడు రైలు ఎక్కాలనుకునేవారు న్యూఢిల్లీ స్టేషన్ దగ్గరే గది చూసుకోవడం మంచిది. మేము తెల్లవారుజామున నాలుగింటికి క్యాబ్ ఎక్కితే మంచులో ముందు కారు వెనక దీపాలు కూడా కనబడక, స్టేషన్ చేరడానికి గంట పైగా పట్టింది.

రైలు కూడా ఆలస్యమైంది. రెండు గంటల ఇరవై నిమిషాలు. అయినా ఆ ఎనిమిది గంటలూ, ఆ పై రెండు గంటలూ మాకు ఒక్క క్షణం ఆందోళన లేదు. రైల్వే వారి ఎన్‌టీఈఎస్ యాప్‌లో బండి ఏ స్టేషన్ దాటిందో, ఎన్ని నిమిషాలు వెనకబడిందో కనిపిస్తూనే ఉంది. కాన్పూర్ దగ్గర నిలిచినప్పుడు కోచ్‌లోని సిబ్బంది తానే వచ్చి, ముందు రెండు బండ్లు ఉన్నాయని, అరగంటకు తక్కువ పట్టదని చెప్పాడు. అరగంటకు నాలుగు నిమిషాలు ఎక్కువే పట్టింది. అమ్మ మాల తీసి జపం చేసుకుంటూ కూర్చుంది. కాశీలోని పురోహితుడికి ఫోన్ చేసి మర్నాటి ఏర్పాట్లు మాట్లాడుకున్నాను. అదే పొగమంచు, అదే మార్గం, దాదాపు అవే ఇబ్బందులు. తేడా అంతా సమాచారంలో ఉంది.

నాలుగున్నరకు వారణాసిలో దిగాం. పాండే హవేలీ దగ్గరి తెలుగువారి సత్రానికి ముందురోజు రాత్రే ఫోన్ చేసి రాలేకపోతున్నామని చెప్పాను. ఆఫీసులోని పెద్దాయన ‘మీరు వచ్చేదాకా గది ఎవరికీ ఇవ్వం బాబూ. తల్లిగారు మెట్లు ఎక్కలేరంటున్నారు కదా, కింది అంతస్తులో మారుస్తాను’ అన్నారు. మేము వెళ్లేసరికి సరిగ్గా అలాగే చేసి ఉంచారు. గదిలో రెండు మంచాలు, ఒక గూడు, ఒక బకెట్, ఇంతే. వేడినీళ్లు వంటింటి పక్క నుంచి మనమే తెచ్చుకోవాలి. రాత్రి చలికి మన రగ్గులు మనకు తప్పవు. కాని కేదార్ ఘాట్ నడక దూరంలో ఉంది, చుట్టూ తెలుగు వినిపిస్తుంది, ఆబ్దికానికి కావలసిన అరిటాకుల నుంచి నువ్వుల దాకా ఎక్కడ దొరుకుతాయో ఎవరినడిగినా చెబుతారు. మర్నాడు ఉదయం గంగ ఒడ్డున, ఎదురుగా పడవ కూడా కనిపించనంత మంచులో, తిథి తప్పకుండా నాన్నగారికి పిండాలు పెట్టాను. అమ్మ మెట్ల మీద కుర్చీలో కూర్చుని చివరిదాకా చూసింది.

తిరుగు ప్రయాణానికి వారణాసి నుంచి హైదరాబాద్‌కు నేరుగా వెళ్లి, అక్కడి నుంచి గన్నవరానికి, రెండూ ఒకే పీఎన్ఆర్ మీద కొన్నాను. ఆ విమానమూ మూడు గంటలు ఆలస్యమైంది. అయితే ఉదయం ఆరుకే సంస్థ నుంచి సందేశం వచ్చింది, దాంతోపాటే హైదరాబాద్‌లో తప్పబోయే విమానానికి బదులు రాత్రి విమానంలో సీట్లు కూడా ఇచ్చారు. బాబత్‌పూర్ విమానాశ్రయం ఊరికి పాతిక కిలోమీటర్లు, చలిలో అంత దూరం వెళ్లి పడిగాపులు పడకుండా సత్రంలోనే భోజనం చేసి బయలుదేరాం. శంషాబాద్‌లో టెర్మినల్ ఒక్కటే కావడంతో మారడం సులువు. చలికాలంలో కాశీ వెళ్లే మన ప్రాంతంవారికి ఢిల్లీ కన్నా హైదరాబాద్ మార్గమే మేలని నా గట్టి అభిప్రాయం.

ఇంటికి వచ్చాక రెండు సంస్థలకూ రాశాను. మనం ఎక్కని విమానపు ఛార్జీ పోయినా, పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగి ఇవ్వాలని నిబంధన ఉంది. అడిగేదాకా ఎవరూ ఇవ్వరు. రెండో సంస్థ నుంచి పంతొమ్మిది రోజులకు 1,712 రూపాయలు వచ్చాయి. మొదటి సంస్థ నుంచి వాతావరణం తమ చేతిలో లేదంటూ మూడు వాక్యాల జవాబు వచ్చింది. గన్నవరంలో మారిన సమయాలన్నిటినీ బోర్డు ఫొటోలతో సహా జతచేసి, కేంద్ర ప్రభుత్వపు ఎయిర్‌సేవ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను. ఆ ఫొటోలు తీయమన్నదీ ఫ్లైట్ రాడార్ చూపించిన కుర్రవాడే. అప్పుడు సంస్థ నోడల్ అధికారి నుంచి ఫోన్ వచ్చింది, ఆరు నెలల గడువుతో 2,000 రూపాయల వోచర్ ఇస్తామన్నారు. నేను తీసుకోలేదు. ఇప్పుడు ఆ సంస్థ అప్పీలు అధికారికి రాశాను. అక్కడా జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంది, మాలాంటి చిన్న మొత్తాలకు రుసుము కూడా లేదు.

ఆ లేఖలో నేను డబ్బు అడగలేదు. విమానం ఢిల్లీలో కదలలేదన్న సంగతి ఆ రోజు గన్నవరం కౌంటర్‌కు ఎన్ని గంటలకు తెలిసిందో, హైదరాబాద్ నుంచి మరో విమానం వస్తోందని చెప్పమన్నది ఎవరో, ఈ రెండూ రాతపూర్వకంగా తెలియజేయమని అడిగాను. లేఖ పంపి ఈ రోజుకు ఇరవై రెండు రోజులు.