కలరాకు ఇంటి వైద్యం: కషాయమా, గంజి నీళ్లా, ఓఆర్‌ఎస్సా?

కలరాకు చిట్కాలకేం కొదవలేదు. అల్లం రసం, లవంగాల నీళ్లు, మెంతుల కషాయం, ఉల్లి-మిరియాల ముద్ద, నిమ్మరసం, కొబ్బరినీళ్లు, గంజి. వీటిలో ఏది మేలో తేల్చాలంటే ముందు ఈ జబ్బు మనిషిని ఎలా చంపుతుందో తెలియాలి.

విబ్రియో కలరే అనే బ్యాక్టీరియా కలుషితమైన నీళ్లతోనో తిండితోనో లోపలికి పోయి చిన్నపేగులో తిష్ట వేస్తుంది. అది పేగును కొరికి పుండు చేయదు. అది వదిలే విషం వల్ల ఒంట్లోని ఉప్పూ నీరూ పేగులోకి వచ్చేస్తాయి. ఆ విషం సంగతి 1959లో కలకత్తాలో శాస్త్రవేత్త శంభునాథ్ డే బయటపెట్టారు. జబ్బు ముదిరితే పెద్దవాళ్లకు గంటకు లీటరు దాకా బియ్యం కడుగు లాంటి విరేచనాలు అవుతాయి. ప్రాణం తీసేది ఈ నష్టమే. కాబట్టి ఏ చిట్కా అయినా పోయిన నీటినీ ఉప్పునూ తిరిగి ఇస్తుందా లేదా అనేదే చూడాలి.

ఈ లెక్కన కషాయాలు నిలబడవు. అల్లం వికారాన్ని కొంత తగ్గిస్తుంది, ఆ మేరకు సాయమే. లవంగం, పసుపు క్రిముల్ని చంపుతాయంటారు. ల్యాబ్ పళ్లెంలో చంపడం వేరు, వరదలా పారుతున్న పేగులో చంపడం వేరు. పైగా తాగేది చిన్న గ్లాసుడు, పోయేది లీటర్ల కొద్దీ. వాంతులవుతున్న మనిషికి ఉల్లి-మిరియాల ముద్ద మింగించడం నాకైతే సుతరామూ ఇష్టం లేదు.

నిమ్మరసం కథ వేరు. ఈ బ్యాక్టీరియా పులుపుకి తట్టుకోలేదు. అందుకే కలరా తిరుగుతున్నప్పుడు తిండిలో నిమ్మ పిండుకుంటే కొంత రక్షణ ఉంటుంది. కానీ క్రిమి పొట్ట దాటి పేగులో చేరాక నిమ్మ చేసేదేమీ లేదు. నీళ్లు కాచుకోవడానికి అది బదులూ కాదు.

కొబ్బరినీళ్లలో పొటాషియం బాగానే ఉంటుంది. కలరాలో భారీగా పోయే సోడియం మాత్రం చాలా తక్కువ. తోడుగా ఇవ్వొచ్చు, దానిమీదే ఆధారపడకూడదు.

ఇంటి వైద్యాల్లో నా ఓటు ఉప్పు వేసిన పలచటి గంజికే. పేగుకి గ్లూకోజ్‌తో పాటు సోడియంని లోపలికి లాక్కునే దారి ఒకటుంది. కలరా విషం దాన్ని మూయలేదు. గంజిలోని పిండిపదార్థం మెల్లగా గ్లూకోజ్‌గా మారుతూ ఆ దారిని నడిపిస్తుంది. ఉప్పు ఎంతన్నదే చిక్కు. రుచి చూస్తే కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు. ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదం.

ఆ చిక్కు లేనిది, ఉప్పూ గ్లూకోజూ ముందే కొలిచి ప్యాకెట్‌లో ఇచ్చే ఓఆర్‌ఎస్. 2002 నుంచి అమల్లో ఉన్న ఫార్ములా ప్రకారం లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ అయిపోతుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి ద్రావణాన్నే డ్రమ్ముల్లో కలిపించి, రోగుల బంధువుల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి. ఏ కషాయానికీ ఇలాంటి రికార్డు లేదు.

ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో మొత్తం పొడి ఒకేసారి కలపాలి. సగం సగం వేయడం, రుచికని పంచదార చేర్చడం వద్దు. తీపి ఎక్కువైతే విరేచనాలు పెరుగుతాయి. 24 గంటలు దాటితే పారబోయాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచాతో మొదలుపెట్టాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల పంచదార, అదే చిన్న చెంచాతో అర చెంచా ఉప్పు వేయాలి. చెంచా తలకొట్టి కొలవాలి.

కళ్లు లోతుకు పోయినా, చర్మాన్ని గిల్లితే ముడత నిలిచినా, మూత్రం ఆగినా, మగతగా ఉన్నా ఇంట్లో ఉండే వేళ కాదది. వెంటనే సెలైన్ ఎక్కాలి, యాంటీబయాటిక్ సంగతి డాక్టర్ చూస్తారు. మింగగలిగితే ఆస్పత్రికి వెళ్లే దారంతా ఓఆర్‌ఎస్ పట్టిస్తూనే ఉండాలి. పాలు తాగే బిడ్డయితే తల్లిపాలు కూడా ఆపకూడదు.