చిన్న తెరచాప పడవకు పెద్ద ఓడల దుకాణం: జార్జ్‌టౌన్‌లో ఏది కొనాలి, ఏది వదలాలి

చెన్నై రేవుకు వచ్చే సరుకు ఓడలకు తాళ్లు, గొలుసులు, రక్షణ సామగ్రి అమ్మే దుకాణాలు జార్జ్‌టౌన్ సందుల్లో ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో ఒక తెలుగు కుటుంబం నడుపుతున్న పాత దుకాణంలోనే, 28 అడుగుల తెరచాప పడవను అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) ప్రయాణానికి సిద్ధం చేయడానికి కావలసిన సామానులో ఎక్కువ భాగం కొన్నాను. 1,350 కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ దారిలో ఏది తెగినా, విరిగినా ఆగి కొనుక్కోవడానికి మధ్యలో రేవు లేదు. తాడు, గొలుసు, షాకిళ్ల (తాడునూ గొలుసునూ కలిపే లోహపు బిగింపుల) విషయంలో ఈ దుకాణాన్ని నిస్సంకోచంగా సిఫార్సు చేస్తాను. విద్యుత్తు సామానుకు మాత్రం వేరే చోటికి వెళ్లాలి.

ఇక్కడ తాళ్లను తూకం లెక్కన అమ్ముతారు. అందువల్ల అన్నిటికంటే తేలికైన పాలీప్రొపిలీన్ తాడు అదే డబ్బుకు ఎక్కువ పొడవు వచ్చి చవకగా తోస్తుంది, కానీ మన ఎండకు అది త్వరగా పెళుసెక్కుతుంది. యజమాని ధర చెప్పే ముందు తాడు ఏ పనికో అడిగారు. అల తాకిడికి సాగి కుదుపును మింగే నైలాన్‌ను లంగరుకు, సాగితే తెరచాప జారిపోతుంది కనుక పాలిస్టర్‌ను తెరచాప ఎత్తడానికి విడివిడిగా ఇచ్చారు.

స్టెయిన్‌లెస్ స్టీలు దగ్గరే ఆయన అనుభవం బాగా తెలిసింది. చాలామంది అయస్కాంతం వెంట తెచ్చుకుని పరీక్షిస్తారు గాని, 304 రకమూ 316 రకమూ రెండూ అయస్కాంతానికి పెద్దగా అంటుకోవు కాబట్టి ఆ పరీక్ష వాటి తేడాను చెప్పదు. ఉప్పునీటి వల్ల పడే గుంటలను తట్టుకునేది మాలిబ్డినం కలిసిన 316 రకమే. బోల్టు తల మీద ఏ4 (A4) అని ఉంటే ఆ కోవకు చెందినదనీ, ఏ2 (A2) అని ఉంటే 304 కోవకు చెందినదనీ అర్థం. ఏ ముద్రా లేకుండా తళతళలాడుతున్న షాకిళ్లను ఆయనే పక్కకు నెట్టి, "ఇవి మేడమెట్ల రెయిలింగుకు చాలునండి, మీకు వద్దు" అన్నారు. ఖరీదైన సరుకు అంటగట్టే ఎత్తేమో అని అనుమానించవచ్చు. కానీ లంగరు గొలుసు దగ్గర అదే మనిషి స్టెయిన్‌లెస్ ఊసెత్తకుండా జింకు పూత వేసిన ఇనుప గొలుసే చాలన్నారు. 8 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకు సుమారు 1.4 కిలోలు తూగుతుంది. 30 మీటర్లు తీసుకుంటేనే అణియంలో (పడవ ముందు భాగంలో) 40 కిలోలు దాటుతుంది కనుక, మిగిలిన పొడవుకు నైలాన్ కలుపుకోవడం మేలు.

నీటిమట్టానికి దిగువన బిగించే వాల్వులు ఇక్కడ ఇత్తడివే ఉన్నాయి. సముద్రపు నీటిలో ఇత్తడిలోని జింకు కరిగిపోయి లోహం బోలుగా మారుతుంది, కాబట్టి కంచువి దొరికేదాకా ఆగడమే నయం. విద్యుత్తు తీగ కూడా ఇళ్లలో వాడే మామూలు రాగిదే. ఉప్పుగాలికి అది లోపల నల్లబడుతుంది. 12 వోల్టుల వ్యవస్థలో కొద్దిపాటి నిరోధం కూడా దీపాన్ని మసకబారుస్తుంది. తగరం పూసిన తీగ కోసం విడిగా వెతకాలి. సౌర ఫలకాలు, కనెక్టర్లకు చెన్నైలోని ఎలక్ట్రానిక్ సామాను బజారు రిచీ స్ట్రీట్ ఉండనే ఉంది.

ఓడలకు తప్పనిసరి కనుక ప్రమాద సంకేతపు జ్వాలలు ఇక్కడ ఎప్పుడూ కొత్త నిల్వలోవే దొరుకుతాయి. అయినా తయారీ తేదీ చూసే తీసుకోవాలి, ఎందుకంటే వాటి గడువు సాధారణంగా మూడేళ్లే. ఆపదలో ఉపగ్రహానికి సంకేతం పంపే 406 మెగాహెర్ట్‌జ్ ప్రమాద సూచిక బీకన్‌ను కూడా తెప్పించి ఇస్తారు. దాన్ని బెంగళూరులో ఇస్రో నడిపే కేంద్రంలో నమోదు చేయించాలి. విదేశంలో కొన్నదైతే భారతదేశపు 419 సంకేతంతో మళ్లీ కోడ్ చేయించాలి.

ప్రాణరక్షక తెప్ప విషయంలో ఈ దుకాణం మనకు పనికిరాదు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఓడల తెప్ప కనీసం ఆరుగురికి సరిపోవాలి. ఇద్దరు నడిపే పడవలో దాన్ని పెట్టే చోటే ఉండదు. చిన్న తెప్పను మరోచోట కొనేటప్పుడు, ఆ కంపెనీ తెప్పలను క్రమం తప్పకుండా విప్పి తనిఖీ చేసే కేంద్రం చెన్నైలో ఉందో లేదో ముందే కనుక్కోవాలి.