వేడికి మాయమయ్యే పెన్నుతో నాలుగేళ్లు

భీమవరం పక్కన రొయ్యల చెరువుల దగ్గర లెక్కలు రాయడం నా పని. ఏ పూట ఎన్ని కిలోల మేత వేశాం, మేత తిన్నాయో లేదో చూడ్డానికి చెరువులో దింపే చెక్‌ట్రేలో ఎంత మిగిలింది, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) ఎంతకొచ్చింది, అన్నీ గట్టు మీద నిలబడి రాసేవే. కొట్టివేతలు ఎక్కువ. నా పుస్తకం చూసి జాలిపడి మా అమ్మాయి నాలుగేళ్ల కిందట రుద్దితే చెరిగే జెల్ పెన్ను ఒకటి కొనిచ్చింది. ఖరీదు వంద రూపాయల పైమాటే.

చెరపడంలో దానికి వంక పెట్టలేను. పెన్ను చివరనున్న బుడిపెతో నాలుగుసార్లు రుద్దితే అంకె పోతుంది. పొట్టు రాలదు, కాగితం చిరగదు. అసలు చెరిపేది ఆ బుడిపె కాదు, రాపిడికి పుట్టే వేడి. సిరాలో కంటికి కనపడని గుళికలుంటాయి. వాటిలో ఒక రంగు పదార్థం, ఆ రంగును పైకి తెచ్చే ఇంకో పదార్థం, ఏ వేడికి ఆ రెండూ విడిపోవాలో తేల్చే మూడోది ఉంటాయి. 60 డిగ్రీలు దాటాయంటే జోడీ విడిపోయి రాత కనపడకుండా పోతుంది. చల్లారినా తిరిగి రాదు. మైనస్ 10 దాకా దింపితే రావడం మొదలవుతుంది, బాగా కనపడాలంటే మైనస్ 20 కావాలి.

ఇదంతా నేను ముందు చదివి తెలుసుకున్నది కాదు. ఒకరోజు వేడి టీ ఉన్న స్టీలు గ్లాసు పుస్తకం మీద పెట్టాను. ఎత్తి చూస్తే గ్లాసు అడుగు ఎంతుందో అంత మేర గుండ్రంగా తెల్లకాగితం. మూడో చెరువు మధ్యాహ్నం మేత అందులో పోయింది. నవ్వుకుని మళ్లీ రాసుకున్నాను. అప్పుడే బుద్ధి తెచ్చుకోవాల్సింది.

రోహిణి కార్తెలో రొయ్యల పట్టుబడి రోజున కారు అద్దాలు బిగించి, పుస్తకం తెరిచి డ్యాష్‌బోర్డు మీద వదిలేశాను. పదకొండింటికి దిగినవాణ్ణి మూడింటికి వచ్చాను. పుస్తకంలో అచ్చు గీతలున్నాయి, అంకెల్లేవు. ఏటవాలుగా పట్టుకుంటే పెన్ను ముల్లు నొక్కిన గుంటలు కనిపించాయి. కింది నాలుగైదు పేజీలు పాలిపోయాయి. పక్కనే ఉన్న పెట్రోల్ బంకు రసీదు మాత్రం బూడిదరంగుకు తిరిగింది. ఆ కాగితంలో ఉన్నదీ ఇదే జాతి రంగు పదార్థమట. కాకపోతే వేడికి దీనిలో రంగు పోతుంది, దానిలో రంగు వస్తుంది. ఒకే ఎండ, రెండు న్యాయాలు!

చుట్టూ రొయ్యల మీద పోయడానికి తెచ్చిన ఐస్ ఉంది కదా అని పుస్తకాన్ని రెండు కవర్లలో చుట్టి ట్రేల మధ్య దూర్చాను. గంటన్నరకీ ఏమీ రాలేదు. కరుగుతున్న ఐస్ సున్నా డిగ్రీలే మరి. ఇంట్లో పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచితే మసక మసకగా సగం వచ్చాయి. చివరికి తెలిసినాయన ఐస్‌క్రీమ్ షాపులో డీప్ ఫ్రీజర్ దిక్కయింది.

అక్కడ అన్నీ వచ్చాయి. నేను రుద్ది చెరిపినవి కూడా. 12 రాసి, చెరిపి, దాని మీదే 14 రాసిన చోట రెండూ కలిసి నల్లటి ముద్ద. రైతు వేలు పెట్టి చూపిస్తూ, “ఏంటండీ ఇది, పన్నెండు కిలోలా, పద్నాలుగా?” అన్నారు. “పద్నాలుగేనండి” అన్నాను. నాకూ గ్యారంటీ లేదు.

ఇప్పుడు లెక్కలన్నీ బాల్ పెన్నుతోనే. దాని సిరా నూనెలాంటిది, వానలో తడిసినా చెదరదు. శానిటైజర్ చేత్తో ముట్టుకుంటే మాత్రం అలుక్కుపోతుంది.

ఇంటి దగ్గర రాతకు రాజమండ్రిలో కొన్న చేతిపని ఎబొనైట్ (గట్టి రబ్బరు) ఇంకు పెన్ను ఉంది. డ్రాపర్‌తో నేరుగా గొట్టంలోకి సిరా పోసుకునే రకం. సిరా సగం కంటే తగ్గాక దాన్ని ఎండలో తిప్పకూడదు. లోపలి గాలి వేడికి వ్యాకోచించి సిరాను పాళీ వైపు తోస్తుంది. పోయిన రెండు చొక్కాల లెక్క మా ఆవిడ దగ్గరుంది. నిండా పోసుకుంటే గాలికి చోటుండదు, ఆ బెడద తక్కువ.

వాడకుండా ఉంచితే నీరు ఆరిపోయి సిరా చిక్కబడుతుంది. ఒకసారి తొందరలో మా బోరు నీళ్లు రెండు చుక్కలు కలిపాను. మా బోరు ఉప్పుబోరు. వారానికల్లా సిరాలో నలకలు కట్టి పాళీ కింది సన్న కాలువ మూసుకుపోయింది. ఇప్పుడు మెడికల్ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరే, అదీ పెన్నులో చుక్కో రెండో, సీసాలో మాత్రం పోయను. ఉతికితే పోయే నీలం సిరాతో కవరు మీద అడ్రసు రాయకండి, ఒక్క చినుకు చాలు.

ఇంత జరిగినా చెరిగే పెన్ను పారేయలేదు. గోడ క్యాలెండరు మీద మేత లారీ వచ్చే తేదీలకు దాన్ని మించింది లేదు, ఆ లారీ చెప్పిన రోజున ఎప్పుడొచ్చింది గనక. మొన్న షాపులో బ్యాంకు ఫారం నింపబోతూ ఎవరో పెన్ను అడిగితే జేబులోంచి అదే తీయబోయి, ఆగి, బాల్ పెన్ను ఇచ్చాను.