ఆరేళ్లుగా వాడుతున్న డాంబర్ లెక్కల యాప్

పొడవు, వెడల్పు, మందం కొడితే ఎన్ని టన్నుల మిక్స్ (డాంబర్, కంకర కలిపిన వేడి మిశ్రమం) కావాలో చెప్పే ఉచిత యాప్ ఇది. ఖమ్మం వైపు కాలనీ రోడ్లు, ఊరి రోడ్లు వేస్తుంటాను. ప్రతి పనికీ ముందు ఇందులోనే లెక్క చూస్తాను.

గుణకారంలో ఎప్పుడూ తప్పు రాలేదు. 400 మీటర్ల రోడ్డు, 3.75 మీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల మందం, ఘనపు మీటరుకు 2.35 టన్నులు అంటే దాదాపు 106 టన్నులు. మొదటి ఏడాది ఇదే లెక్క నమ్మి సరిగ్గా అంతే తెప్పించాను. ఇంకా 50 మీటర్లు ఉండగానే పేవర్ (మిక్స్ పరిచే యంత్రం) డ్రైవర్ "అన్నా, మిక్స్ అయిపోయింది" అన్నాడు. పాత రోడ్డు చాలాచోట్ల కుంగి ఉంది. ఆ పల్లాలన్నీ నిండేసరికి సగటున నాలుగు మిల్లీమీటర్లకు పైగా ఎక్కువ పట్టింది. అప్పటికే మిక్స్ తయారుచేసే ప్లాంట్ ఆపేశారు. మిగతాది మర్నాడు వేశాం. వానాకాలంలో మొదట విచ్చుకున్నది ఆ అతుకే. ఇప్పటికీ ఆ దారిన వెళ్తే బాధేస్తుంది.

ఇంత రోడ్డులో ఒక్క మిల్లీమీటరు పెరిగితే మూడున్నర టన్నులు. అందుకే ఇప్పుడు పది మీటర్లకోసారి అడ్డంగా దారం లాగి, రెండు అంచుల్లో, మధ్యలో స్కేలు పెట్టి లోతు కొలుస్తాను. ఆ సగటు కలిపాకే యాప్‌లో మందం కొడతాను.

యాప్‌లో పెద్ద లోపం ఒకటుంది. మందం అని అడుగుతుంది గానీ రోలింగ్‌కు (రోలర్‌తో నొక్కడానికి) ముందా, తర్వాతా అన్నది చెప్పదు. రోలింగ్ అయ్యాక 30 రావాలంటే పేవర్ 37, 38 దాకా పరవాలి. మా మేనల్లుడు ఒకసారి 38 కొట్టాడు, 134 టన్నులు చూపించింది. ఆర్డర్ ఇచ్చే ముందు నేను చూశాను కాబట్టి సరిపోయింది. మిగిలిన మిక్స్ చల్లారితే ఎందుకూ పనికిరాదు. రోలింగ్ తర్వాతి మందమే కొట్టండి.

సాంద్రత మాత్రం అంత టెన్షన్ పడాల్సిన విషయం కాదు. యాప్‌లో ముందే ఉండే అంకె ఘనపు అడుగుకు 145 పౌండ్లు, అంటే ఘనపు మీటరుకు 2.32 టన్నులు. ప్లాంట్ ల్యాబ్ వాళ్లు ఇచ్చిన 2.35 పెట్టినా ఈ రోడ్డుకు టన్నున్నర కూడా తేడా రాదు. టాక్ కోట్ (కొత్త పొర పాతదానికి అంటుకోవడానికి ముందు కొట్టే పల్చని డాంబర్) లెక్క ఇందులో లేదు, విడిగా వేసుకోవాలి.

ఐదుకు నాలుగు ఇస్తాను. మందం, వెడల్పు పది మీటర్లకోసారి విడివిడిగా రాసుకునే వీలు కల్పిస్తే సైట్‌కు నోట్‌బుక్ మోసుకెళ్లడం మానేస్తాను.