హిట్ ఫ్యాక్టరా, టైమ్ ప్లస్సా: ఏది మేలు?

వేగం, గురి రెండూ లెక్కలోకి వచ్చే తుపాకీ షూటింగ్ పోటీ అనుకోండి: ఆరు పేపర్ టార్గెట్లు, ఒక్కోదానికి రెండు షాట్లు. ఒకరు 10 సెకన్లు తీసుకుని పన్నెండూ నడిమి జోన్‌లోనే కొట్టారు. ఇంకొకరు 8.5 సెకన్లలో ముగించారు గానీ నాలుగు షాట్లు పక్క జోన్‌లో పడ్డాయి. ఎవరు ముందు?

ఐపీఎస్‌సీ (అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య) పోటీల్లో రెండోవారు. అక్కడ పాయింట్లను సెకన్లతో భాగిస్తారు, వచ్చేదే హిట్ ఫ్యాక్టర్. ఆల్ఫాకు, అంటే నడిమి జోన్‌కు 5; చార్లీకి, అంటే పక్క జోన్‌కు మైనర్‌లో (తక్కువ శక్తి తూటాలు) 3, మేజర్‌లో (ఎక్కువ శక్తివి) 4. మొదటివారివి 60 పాయింట్లు, ఫ్యాక్టర్ 6. రెండోవారివి మైనర్‌లో 52 పాయింట్లే అయినా ఫ్యాక్టర్ 6.12.

ఐడీపీఏ (అంతర్జాతీయ డిఫెన్సివ్ పిస్టల్ సంఘం) పోటీల్లో ఫలితం తారుమారు. అక్కడిది టైమ్ ప్లస్ పద్ధతి. నడిమి జోన్ తప్పితే పోయిన ఒక్కో పాయింటుకు (పక్క జోన్‌కు పోయేది ఒకటే) సమయానికి ఒక సెకను కలుపుతారు. 8.5 కాస్తా 12.5 అవుతుంది. 2017 నిబంధనలకు ముందు అర సెకనే కలిపేవారు. ఆ లెక్కన 10.5, ఓటమే గానీ వెంట్రుకవాసి తేడాతో.

అసలు తిరకాసు ఇక్కడుంది. ఐడీపీఏలో పాయింటు ధర ఎప్పుడూ ఒకటే. ఐపీఎస్‌సీలో అది స్టేజీని (పోటీలోని ఒక్కో రౌండును) బట్టి మారుతుంది. మైనర్‌లో చార్లీ పడితే 2 పాయింట్లు పోతాయి. ఆ రెండింటిని ఫ్యాక్టర్‌తో భాగిస్తే ఎన్ని సెకన్ల నష్టమో తెలుస్తుంది. ఫ్యాక్టర్ 10 ఉండే దగ్గరి స్టేజీలో 0.2 సెకన్లు, 3 ఉండే దూరపు స్టేజీలో 0.67. మరో షాట్‌తో దిద్దుకోవడానికి 0.3 సెకన్లు పట్టేవారు మొదటిచోట చార్లీని వదిలేయాలి, రెండోచోట దిద్దుకోవాలి. షూటింగుకు ముందు స్టేజీని తిరిగి చూసే నడకలోనే దాని మొత్తం పాయింట్లను మీ అంచనా సమయంతో భాగించి చూసుకోండి: 160 పాయింట్లు, 25 సెకన్లు అంటే 6.4.

మిస్‌కు మాత్రం ఎక్కడా క్షమాపణ లేదు. ఐపీఎస్‌సీలో రావాల్సిన 5 పోయి, పైన 10 కోత. ఫ్యాక్టర్ 6 దగ్గర అది 2.5 సెకన్లు. ఐడీపీఏలో నేరుగా 5 సెకన్లు. చాలామంది మిస్ అయ్యేది టార్గెట్ కష్టమై కాదు, చివరి షాట్ పేలకముందే చూపు తర్వాతి టార్గెట్ మీదికి పోయి.

కొత్తవారికి టైమ్ ప్లస్సే మేలు: నడిమి జోన్ కొట్టడమే లాభమని ప్రతి స్టేజీ చెబుతుంది. షాట్ పేలినప్పుడు సైట్ (తుపాకీ మీద గురి చూసే భాగం) లేచిన చోటును చూసి షాట్ ఎక్కడ పడిందో చెప్పగలిగే స్థాయికి వచ్చాక హిట్ ఫ్యాక్టర్‌లోకి దిగండి. అంతకుముందే దిగితే ఏ చార్లీని వదిలేయాలో తేల్చుకునే ఆధారమే మీ దగ్గర ఉండదు.