పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపు: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

ముందే తీర్పు చెప్పేస్తాను. చెల్లాచెదురైనవాళ్లను వెతికి ఒకచోట చేర్చడానికీ, ఆపద వచ్చినప్పుడు గంటలో పదిమందిని కదిలించడానికీ బ్యాచ్ గ్రూపును మించింది లేదు. స్నేహం నిలబడటానికి మాత్రం అది ఒక్కటే చాలదు. పట్టించుకోకుండా వదిలేస్తే ఉన్న స్నేహాన్నీ చెడగొడుతుంది.

2000కు అటూ ఇటూగా పదో తరగతి రాసి ఇప్పుడు నలభైల్లో ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలు బ్యాచ్‌లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. రెండు సెక్షన్లు, వందమంది అటూ ఇటూగా పిల్లలు, చుట్టుపక్కల ఐదారు ఊళ్ల నుంచి వచ్చి చదివినవాళ్లు. కార్పొరేట్ స్కూలు బ్యాచ్‌లకు ఇందులో సగమే వర్తిస్తుంది. అక్కడ అందరి దగ్గరా అందరి నంబర్లూ మొదటి నుంచీ ఉంటాయి.

గ్రూపు కంటే ముందు జాబితా కావాలి. ఉన్నవాళ్లతో గ్రూపు పెట్టేసి "ఇంకెవరున్నార్రా?" అని అడిగితే గుర్తున్నవాళ్లే వస్తారు. వెనక బెంచీలో మాట్లాడకుండా కూర్చున్నవాళ్లు, తొమ్మిదిలో మానేసినవాళ్లు, పదో తరగతి తప్పినవాళ్లు బయటే ఉండిపోతారు. హెడ్మాస్టరు గారికి కాగితం రాసిచ్చి, బడిలో ఉండే అడ్మిషన్ రిజిస్టరు, ఆ ఏటి పబ్లిక్ పరీక్ష నామినల్ రోలు (పరీక్షకు పంపినవాళ్ల పేర్ల జాబితా) చూసి రాసుకోవాలి. పేరు, తండ్రి పేరు, ఊరు, సెక్షన్ చాలు. రిజిస్టరు పేజీని ఫొటో తీసి గ్రూపులో పెట్టడం పెద్ద పొరపాటు. అందులో కులం గడి, పుట్టిన తేదీ ఉంటాయి. అవి నలుగురి ఫోన్లలోకి వెళ్లాక వెనక్కి తీసుకోలేం.

తర్వాత ఊరికొకరిని పెట్టుకోవాలి. మగవాళ్లు తేలిగ్గా దొరుకుతారు. ఊళ్లో కిరాణా కొట్టులో అడిగినా నంబరు ఇస్తారు. ఆడవాళ్లకు పెళ్లితో ఇంటిపేరు, ఊరు రెండూ మారతాయి. వాళ్లను పుట్టింటి ద్వారానే పట్టుకోవాలి. అన్నో తమ్ముడో వదినో ఫోన్ ఎత్తుతారు. ఆ ఫోను క్లాసులో చదివిన ఆడమనిషే చెయ్యాలి. మగ గొంతు వినబడితే నంబరు రాదు సరికదా, ఆ ఇంట్లో ఆమెకు లేనిపోని ప్రశ్నలు మొదలవుతాయి. నంబరు దొరికినా నేరుగా గ్రూపులో కలిపేయకూడదు. ముందు అడగాలి, ఒప్పుకుంటే లింకు పంపాలి. లింకు బయటికి పాకితే రీసెట్ చేసే వీలుంది. కొత్తవాళ్లను అడ్మిన్ ఆమోదించాకే రానిచ్చే సెట్టింగు కూడా ఉంది. రెండూ మొదటి రోజే చూసుకోవాలి.

వాట్సాప్ గ్రూపులో 2014 చివరి నుంచి వందమంది దాకా, 2016లో 256 మంది దాకా పట్టారు. 2022లో ముందు 512కు, ఆ ఏడాది చివర్లో 1024కు పెరిగింది. అంటే వందమంది బ్యాచ్‌కు సంఖ్య ఎప్పుడూ పెద్ద అడ్డు కాదు. అసలు అడ్డు డేటా ఖర్చు. 2016 సెప్టెంబరులో జియో వచ్చేదాకా గ్రూపుల్లో కనబడింది ఎక్కువగా హైదరాబాదు, బెంగళూరు, అమెరికా ఉద్యోగస్తులే. ఊళ్లో వ్యవసాయం చేసుకునేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, టైలర్లు ఆ తర్వాతే వచ్చారు. అప్పటికే గ్రూపు మాటతీరు ఉద్యోగస్తుల చేతుల్లో స్థిరపడిపోయింది. చాలా బ్యాచ్‌లలో సగంమంది నోరు మెదపకపోవడానికి మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

గ్రూపు ఎలా చచ్చిపోతుందంటే, పొద్దున్నే శుభోదయం బొమ్మలు మొదలవుతాయి. రోజుకు నలభై యాభై మెసేజీలు దాటగానే ఒక్కొక్కరూ మ్యూట్ చేస్తారు, తర్వాత ఆర్కైవ్‌లో పడేస్తారు. ఆ తర్వాత ఒకరి నాన్నగారు పోయిన కబురు పెట్టినా ఇరవైమంది కూడా చూడరు. "చెప్పలేదు" అని ఒకరు, "పెట్టాం కదా" అని ఒకరు. మనసులు విరిగేది ఇలాంటి చోటే. దీనికి ఒకే గ్రూపులో వంద నియమాలు పెట్టినా లాభం లేదు. రెండు గ్రూపులు కావాలి. ఒకటి ప్రకటనలకు, అడ్మిన్లు మాత్రమే రాయగలిగేలా. చావు, పెళ్లి, ఆసుపత్రి, సమ్మేళనం తేదీ, లెక్కలు తప్ప అందులో ఇంకేమీ రాకూడదు. రెండోది కబుర్లకు. 2022 చివర్లో వచ్చిన కమ్యూనిటీ ఏర్పాటులో ఈ రెండూ ఒక గొడుగు కిందే ఉంటాయి. పైగా ప్రకటనల గ్రూపులో సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనబడవు, అడ్మిన్లకే కనబడతాయి. గ్రూపులోకి రావడానికి వెనకాడే ఆడవాళ్లలో చాలామంది ఈ ఒక్క ఏర్పాటుతో వస్తారు. అత్తవారింట్లో చెప్పుకోవడానికి కూడా వీలుగా ఉంటుంది.

అడ్మిన్లలో కనీసం ఒక ఆడమనిషి తప్పనిసరి. గ్రూపులోంచి నంబరు తీసుకుని ఆడవాళ్లకు విడిగా మెసేజీలు పెట్టడం, రాత్రి పదకొండింటికి "తిన్నావా?" అని అడగడం వల్ల వాళ్లు ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోతారు. ఇప్పుడు గ్రూపు వదిలితే అడ్మిన్లకు తప్ప ఇతరులకు నోటిఫికేషన్ వెళ్లదు కాబట్టి కారణం బయటికి రాదు. ఫిర్యాదు చెప్పుకోవడానికి ఆడ అడ్మిన్ ఉంటేనే తెలుస్తుంది. పిలుపుల సంగతి కూడా ఇక్కడే. మగవాళ్లు మగవాళ్లతో "ఒరేయ్" అంటే ఎవరికీ నొప్పి లేదు. ఆడవాళ్లను పాతికేళ్ల తర్వాత కొందరు "గారు" అంటారు, కొందరు పేరు పెట్టి ఏకవచనంలో పిలుస్తారు. ఆమె ఎలా పిలవమంటే అలా పిలవడమే పద్ధతి. బళ్లో పెట్టిన వెక్కిరింపు పేర్లు మాత్రం పూర్తిగా మానాలి. రంగు మీద, కులం మీద, నత్తి మీద పెట్టిన పేరును అప్పుడు నవ్వి ఊరుకున్నవాడు ఇప్పుడు పిల్లల ముందు వినడానికి ఇష్టపడడు.

రాజకీయాలకు నేను చూసినవాటిలో పనిచేసిన నియమం ఒక్కటే. రెండు బాణాల గుర్తుతో వచ్చిన ఫార్వర్డును, అందులో ఏముందో చూడకుండా తీసేయాలి. ఆ గుర్తు వచ్చిందంటే ఆ మెసేజీ ఐదు చేతులో అంతకంటే ఎక్కువో మారి వచ్చిందని అర్థం. అడ్మిన్‌కు ఎవరి మెసేజీనైనా అందరికీ కనబడకుండా తీసేసే వీలు 2022 నుంచి ఉంది. "మా పార్టీది తీశావు, వాళ్లది వదిలావు" అనే మాటకు ఈ నియమంలో తావుండదు. ఇక ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన రోజు నుంచి ఫలితాల మర్నాటి దాకా కబుర్ల గ్రూపును కూడా అడ్మిన్లకే పరిమితం చెయ్యాలి. 2019లో, 2023 చివర్లో, 2024 వేసవిలో తెలుగు రాష్ట్రాల ఎన్నికలప్పుడు ఎన్ని బ్యాచ్‌లు రెండుగా చీలాయో గ్రూపులు నడిపిన ఎవరినడిగినా చెబుతారు.

వ్యాపారం విషయంలో పూర్తి నిషేధం నాకు నచ్చదు. క్లాసులో ఎలక్ట్రీషియన్ ఉంటాడు, పచ్చళ్లు పెట్టి అమ్మే ఆమె ఉంటుంది, వాళ్లకు నాలుగు ఆర్డర్లు వస్తే మంచిదే. నెలలో ఒక ఆదివారం ఎవరి పని వాళ్లు చెప్పుకోనివ్వాలి. ప్లాట్లు, చీటీలు, గొలుసుకట్టు పథకాలు, "డబ్బు పెడితే ఇంత వస్తుంది" అనేవి మాత్రం ఆ ఆదివారం కూడా వద్దు. పని అమ్ముకుంటే నష్టం ఒక బిల్లు దగ్గర ఆగుతుంది. పెట్టుబడి మునిగితే పదిమంది ఇళ్లు మునుగుతాయి, బ్యాచ్ కూడా పోతుంది.

"అర్జెంటుగా పదివేలు పంపరా" అని స్నేహితుడి నంబరు నుంచే మెసేజీ వస్తే పంపకండి, మామూలు ఫోన్ కాల్ చేసి గొంతు వినండి. వాట్సాప్ రిజిస్ట్రేషన్ కోసం ఫోనుకు వచ్చే ఆరంకెల కోడ్ మాయమాటలతో చెప్పించుకుని ఖాతా లాక్కున్నవాడు ఆ నంబరులోని గ్రూపులన్నీ చూస్తాడు. పాత స్నేహితులు కారణాలు అడగకుండా పంపుతారని వాడికి తెలుసు. టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ అందరిచేతా పెట్టించాలి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఈ వయసులో గ్రూపు అసలు విలువ తెలిసేది ఆసుపత్రి దగ్గర. బీపీ, షుగరు, గుండె కబుర్లు మొదలయ్యే కాలం ఇది. అందుకే జాబితాకు ఇంకో నాలుగు గళ్లు కలపాలి. రక్తం గ్రూపు, ఇప్పుడున్న ఊరు, ఇంట్లో ఇంకొకరి నంబరు, పనిచేసే చోటు. ఇంట్లోవాళ్ల నంబరు లేకపోతే మనిషి పడిపోయిన రోజున అందరి దగ్గరా మోగని ఫోను నంబరే ఉంటుంది. రక్తం ఇవ్వడానికి మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు ఎడం ఉండాలి కాబట్టి చివరిసారి ఇచ్చిన తేదీ కూడా రాసుకుంటే మంచిది. పనిచేసే చోటు ఎందుకంటే, క్లాసులో ఒకరు నర్సో ల్యాబ్ టెక్నీషియనో ఆరోగ్యమిత్రో అయి ఉంటారు. పెద్ద ఆసుపత్రిలో ఏ కౌంటరుకు ఏ కాగితం ఇవ్వాలో చెప్పే ఆ ఒక్క మనిషి, పంపిన డబ్బు కంటే ఎక్కువ ఉపయోగపడతారు.

చందా ఎత్తేటప్పుడు వరుస తప్పకూడదు. ముందు ఇంటివాళ్లతో మాట్లాడి, సాయం అడగడం వాళ్లకు ఇష్టమేనా అని కనుక్కోవాలి. తర్వాత ఎంత కావాలి, ఏ తేదీకి ముగిస్తాం అని ప్రకటించాలి. డబ్బు ఇద్దరి పేర్ల మీదున్న ఖాతాకే రావాలి. ఆసుపత్రి బిల్లయితే ఆసుపత్రికే కట్టాలి. ముగించిన మూడు రోజుల్లో బిల్లుల ఫొటోలతో లెక్క పెట్టాలి. పేర్ల పక్కన మొత్తాలు మాత్రం ఎప్పుడూ రాయకూడదు. "ఇరవై వేలు" కింద "రెండు వందలు" అని కనబడితే ఆ రెండు వందలు ఇచ్చినతను ఇంకోసారి ఇవ్వడు, మాట్లాడడు కూడా. అతనికి అది ఒక రోజు కూలిలో చెప్పుకోదగ్గ భాగం. ఇచ్చినవాళ్ల పేర్లు అక్షరక్రమంలో, కింద మొత్తం ఒకే అంకె. అంతే.

స్నేహితుడు పోయి చిన్నపిల్లలు మిగిలితే నగదు ఒక్కసారిగా చేతిలో పెట్టకండి. అప్పులవాళ్లు ముందు వస్తారు. పదేళ్లలోపు ఆడపిల్ల ఉంటే తల్లి చేత సుకన్య సమృద్ధి ఖాతా తెరిపించవచ్చు. ఏడాదికి కనీసం రూ. 250, గరిష్ఠంగా లక్షన్నర దాకా వెయ్యవచ్చు. మగపిల్లాడైతే పోస్టాఫీసు టైమ్ డిపాజిట్ బాగుంటుంది. ఏటా ఉపకార వేతనాలు ఇద్దామనుకునే బ్యాచ్ మాత్రం 2001 నాటి సొసైటీల చట్టం కింద నమోదు చేసుకోవడం మేలు. ఏడుగురు సభ్యులుంటే చాలు.

పోయినవాళ్ల నంబరును మర్నాడే తీసెయ్యకండి, అలాగని ఏళ్లపాటు వదిలెయ్యకండి. ఆపేసిన నంబరు కనీసం 90 రోజుల తర్వాత వేరొకరికి వెళ్లవచ్చు. ఇంట్లోవాళ్లను అడిగి, వాళ్లు ఆ నంబరు ఉంచుకోవడం లేదంటే అప్పుడు తీసెయ్యాలి.

సమ్మేళనానికి ఆంధ్ర పల్లెల్లో కనుమను మించిన రోజు లేదు. కనుమ నాడు కాకైనా కదలదంటారు. పండక్కి పుట్టింటికొచ్చిన ఆడవాళ్లు కూడా ఆ రోజు ఊళ్లోనే ఉంటారు. తెలంగాణలో దసరా మర్నాడు అలాంటిది. బడికి సెలవులు కాబట్టి అనుమతి, తాళం సంగతి పండగకు పదిరోజుల ముందే తేల్చుకోవాలి. ఎక్కువమంది చేసే తప్పు సన్మానాలకే పూటంతా పెట్టెయ్యడం. శాలువాలు, జ్ఞాపికలు, ఉపన్యాసాలు గంటన్నరలో ముగించి, మాస్టార్లకు ముందు భోజనం పెట్టి కారులో ఇంటికి దింపాలి. వాళ్లలో చాలామందికి డెబ్భై దాటి ఉంటాయి. మిగిలిన పూటంతా తరగతి గదిలో బెంచీల మీద కూర్చోవడానికే వదిలెయ్యాలి. డీజే పెట్టిన చోట ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేరు. ఫొటోలు గ్రూపులో పెడితే నాణ్యత తగ్గుతుంది. డాక్యుమెంటుగా పంపండి, లేదా ఒక డ్రైవ్ ఫోల్డరులో పెట్టి లింకు ఇవ్వండి.

వీడియో కాల్‌లో 32 మంది పడతారు, కానీ ఎనిమిది దాటితే మాట కుదరదు. ఆదివారం ఉదయం ఏడున్నర అమెరికావాళ్లకు వీలు. వేసవిలో తూర్పు తీరాన అప్పుడు శనివారం రాత్రి పది. లండన్‌లో అది తెల్లవారుజాము, వాళ్లకు సాయంత్రం పెట్టాలి. దుబాయిలో ఉన్నవాళ్లకు వాట్సాప్ కాల్స్ పనిచెయ్యవు. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి కాలింగ్ యాప్ వాడాలి.

ఇంత చేసినా గ్రూపులో మనిషి కనబడటం వేరు, మాట్లాడటం వేరు. ప్రొఫైల్ ఫొటో చూసి "బాగానే ఉన్నాడు" అనుకోవడం దీని అతిపెద్ద లోపం. నేను గట్టిగా చెప్పేది నెల వంతు. జాబితాను జంటలుగా చేసి, ప్రతి నెలా జంటలు మార్చాలి. ఆ నెలలో ఒక్కసారి పదిహేను నిమిషాలు మామూలు కాల్ మాట్లాడుకుంటే చాలు. ఎవరు ఎవరితో మాట్లాడారని లెక్క అడగకూడదు. సగం జంటలు మాట్లాడుకోకపోయినా ఫరవాలేదు. ఉద్యోగం పోయిన సంగతి, ఇంట్లో గొడవలు, పిల్లాడి మీద దిగులు ఇవేవీ గ్రూపులో రావు, ఈ కాల్స్‌లోనే వస్తాయి. వంతుల జాబితా వేసే పని అడ్మిన్లకు కాకుండా, గ్రూపులో తక్కువ మాట్లాడే ఒకరికి అప్పగించండి. వాళ్లకు ఎవరు దూరంగా ఉన్నారో బాగా తెలుస్తుంది.