ఎమ్‌సీఆర్ చెప్పులు: మూడేళ్ళు అరగదీశాక

ముందే చెప్పేస్తాను. మడమ నొప్పికి ఎమ్‌సీఆర్ అనే మెత్తటి రబ్బరుతో చేసిన చెప్పులు మంచివే. కానీ షాపులో వేలితో నొక్కి, 'అబ్బ, ఎంత మెత్తగా ఉందో' అని కొంటే డబ్బు దండగ. నాకు పనికొచ్చింది మెత్తదనం ఒక్కటే కాదు, వేళ్ళ దగ్గరి వెడల్పూ మడమ వెనక స్ట్రాపూ. ఆ రెండూ లేని ఎమ్‌సీఆర్ జత కూడా మా ఇంట్లో ఒకటుంది. బాల్కనీలో మొక్కలకు నీళ్ళు పోసేటప్పుడు తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోరు.

నేను చెన్నైలో, పెరంబూరు దగ్గర ఒక స్కూల్లో టీచర్ని. పొద్దున ప్రేయర్ నుంచి మధ్యాహ్నం గంట కొట్టేదాకా నిలబడే ఉంటాను. తమిళనాడులో 2021లో చట్టం సవరించి, దుకాణాల్లో పనిచేసేవాళ్ళకు కూర్చోవడానికి ఏర్పాటు ఉండాలన్నారు. మాకు కుర్చీ ఎప్పట్నుంచో ఉంది, అందులో కూర్చునే తీరికే లేదు. ఇంటికొస్తే టైల్స్ మీద ఒట్టికాళ్ళతో వంటా వార్పూ. అలా ఉండగా ఒక ఎండాకాలం కుడి మడమ పట్టుకుంది. తెల్లారి మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టు ఉండేది. పది అడుగులు వేస్తే కాస్త సర్దుకునేది. కాసేపు కూర్చుని లేస్తే మళ్ళీ మొదలు.

డాక్టరు చూసి ప్లాంటర్ ఫేషియైటిస్ అన్నారు. మడమ ఎముక నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీలాంటి పొర ఉంటుంది, అది మడమ దగ్గర దెబ్బతింటే వచ్చే నొప్పి ఇది. ఎక్స్‌రేలో చిన్న ముల్లులా ఎముక కూడా కనిపించింది. అది చూసి మా బంధువుల్లో సగం మంది 'ఎముక పెరిగింది, కోయాల్సిందే' అని తేల్చేశారు. అలాంటి ముల్లు ఏ నొప్పీ లేని వాళ్ళలో కూడా కనిపిస్తుందనీ, దాని గురించి టెన్షన్ వద్దనీ డాక్టరు చెప్పారు. పిక్కలు సాగదీసే వ్యాయామం, గట్టి నేల మీద ఒట్టికాళ్ళతో తిరగడం మానడం, సరైన చెప్పులు. ఈ మూడే ఆయన రాసిచ్చింది. ఎక్కువమందికి ఏడాది లోపు తగ్గిపోతుందట. నాకూ దగ్గర దగ్గర అంతే పట్టింది. కాబట్టి ఈ ఘనతంతా చెప్పులదే అనను. మెట్టు అంచున ముందరి పాదం మీద నిలబడి మడమలు కిందికి దించే వ్యాయామం ఎగ్గొట్టిన వారాల్లో, ఎంత మంచి చెప్పులు వేసుకున్నా నొప్పి మళ్ళీ పలకరించేది.

ఎమ్‌సీఆర్ అంటే మైక్రో సెల్యులార్ రబ్బర్. లోపల కంటికి ఆనని గాలి గదులుంటాయి. నిలబడినప్పుడు బరువంతా మడమ మీదా బొటనవేలి మొదట్లోనూ పడకుండా, అరికాలంతా సర్దుతుంది. ఈ చెప్పులకు మన పక్కనే ఉన్న వేలూరుతో పాత బంధం ఉంది. అక్కడి సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రికి 1946లో వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠు రోగుల కాళ్ళకు పుళ్ళు పడేది ఒళ్ళు కుళ్ళడం వల్ల కాదనీ, నొప్పి తెలియక ఒకేచోట బరువు మోపుతూ నడవడం వల్లననీ నిరూపించారు. ఆ రోగుల కోసం వాడుకలోకి వచ్చిన మెత్తటి రబ్బరే తర్వాత షుగర్ ఉన్నవాళ్ళ పాదాలకూ వచ్చింది. ఈ చరిత్ర మా అత్తగారికి సగం తెలుసు. నేను మొదటి జత ఇంటికి తెచ్చిన రోజు గుమ్మంలోనే ఆపి, "ఆ రోగం వాళ్ళ చెప్పులు నీకెందుకమ్మా?" అన్నారు. ఇప్పుడు ఆవిడవీ అవే. ఆ సంగతి తర్వాత చెబుతాను.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఎమ్‌సీఆర్ అని చెప్పి మామూలు ఫోమ్ అట్ట అంటగట్టే దుకాణాలున్నాయి. నాకూ ఒకచోట అలాగే అంటగట్టారు. చెప్పును పక్కనుంచి చూడండి. పైన మెత్తటి పొర, కింద గట్టి రబ్బరు పొర విడివిడిగా కనబడాలి. కింది పొర పల్చగా ఉంటే ముల్లయినా మేకయినా నేరుగా లోపలికి వచ్చేస్తుంది. పై పొరను బొటనవేలితో గట్టిగా నొక్కితే లోపలికి దిగాలి, వేలు తీయగానే పైకి రావాలి. నాకు అంటగట్టిన ఫోమ్ జత చేతికి దూదిలా తేలిగ్గా ఉండేది, నెల తిరక్కుండానే మడమ కింద గుంట పడింది. మరీ మెత్తటిది కూడా మంచిది కాదు. కాలు లోపలికి కూరుకుపోతే చీలమండ అటూ ఇటూ ఊగుతుంది, సాయంత్రానికి మోకాలు పట్టేస్తుంది.

ఇక కొలత. అసలు కథంతా ఇక్కడే ఉంది. మన షాపుల్లో నడిచే నంబర్లు బ్రిటిష్ వాళ్ళవి. ఒక నంబరుకీ తర్వాతి నంబరుకీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. అది పొడవు సంగతి మాత్రమే. వెడల్పు గురించి పెట్టె మీద ఒక్క ముక్క ఉండదు. మన అడయారులోనే ఉన్న కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలను త్రీడీ స్కానర్లతో కొలిచింది. యూరప్, అమెరికా వాళ్ళకన్నా మన పాదాలు వెడల్పని అందులో తేలింది. దాని మీదే 'భ' అని మన దేశానికి సొంత కొలతల పద్ధతి ఒకటి ప్రతిపాదించారు. మా వీధి షాపులో మాత్రం ఇంకా "ఆరు పట్టడం లేదా? ఏడు వేసుకోండి అక్కా, సరిపోద్ది" అనే పద్ధతే నడుస్తోంది. ఏడు వేసుకుంటే వేళ్ళ దగ్గర పడుతుంది, మడమ దగ్గర వదులైపోతుంది. వదులు చెప్పు జారిపోకుండా వేళ్ళు ముడుచుకుని నడుస్తాం, ఆ నడకకే అరికాలు ఇంకా లాగుతుంది.

నేను చేసేది ఇది. సాయంత్రం పూట, కాళ్ళు కాస్త వాచి ఉన్నప్పుడు, గోడకు ఆనించి నేల మీద అట్ట పరుస్తాను. మడమ గోడకు తాకించి నిలబడతాను. పెన్సిల్ నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీత గీయమని మా అబ్బాయికి చెబుతాను. కూర్చుని గీసుకుంటే కొలత తక్కువొస్తుంది, బరువు పడితేనే పాదం పరుచుకుంటుంది. రెండు కాళ్ళకూ గీయాలి. నా ఎడమ పాదం పెద్దది, కాబట్టి కొలత దానిదే. ఆ అట్ట కత్తిరించి షాపుకి పట్టుకెళ్ళి చెప్పు మీద పెడితే అంతా అక్కడే తేలిపోతుంది. మొదటిసారి నా పాత కట్‌షూ మీద పెట్టి చూస్తే చిటికెన వేలు పూర్తిగా సోల్ బయట ఉంది. ఇన్నాళ్ళూ అక్కడ ఆనికాయ ఎందుకు కాస్తోందో అడగక్కర్లేకపోయింది.

ముందు వైపు ఖాళీ, అన్నిటికన్నా పొడుగు వేలు దాటి ఒక సెంటీమీటరైనా ఉండాలి. బొటనవేలే పొడుగని అనుకోకండి. కాలి రెండో వేలు పొడుగున్న ఆడది మొగుణ్ణి ఆడిస్తుందంటారు మా నెల్లూరు వైపు. నాకు అదే పొడుగు. ఆడిస్తున్నానో లేదో మా వారిని అడగాలి గానీ, చెప్పు కొలత మాత్రం ఆ వేలి నుంచే తీసుకోవాలి. బూటయితే లోపలి అట్ట బయటికి లాగి, దాని మీద నిలబడి చూడండి. పాదం అంచు దాటి ఎటు పొంగినా ఆ బూటు వద్దు. 'వాడగా వాడగా సాగుతుంది' అని సేల్స్‌మన్ అంటాడు. తోలు కొంచెం సాగుతుందేమో, రెగ్జిన్ సాగదు, అది కరుస్తూనే ఉంటుంది.

ఆడవాళ్ళకు ఇంకో తంటా ఉంది, మెట్టెలు. చెప్పులు తెరిచి ఉన్నంతకాలం ఏమీ తెలియదు. ముందు మూసి ఉన్న బూటు వేసుకున్న వారంలోనే మెట్టె అంచు పక్క వేలి చర్మాన్ని గీరడం మొదలుపెట్టింది. సాయంత్రానికి వేలు వాచి మెట్టె బిగుసుకునేది. నేను పువ్వుల డిజైనువి తీసి పెట్టెలో పెట్టి, నున్నగా ఉండే సన్న చుట్టు మెట్టెలు చేయించుకున్నాను. రెండు కొసలూ విడిగా ఉంటాయి కాబట్టి వదులు చేసుకోవచ్చు. షుగర్ ఉన్నవాళ్ళు ఈ గీరుడును తేలిగ్గా తీసుకోకూడదు.

ఇంట్లోకి చెప్పులు రావడం మా ఇంటా వంటా లేదు. అందుకని ఒక జత గడప దాటకుండా లోపలే ఉంటుంది. దేవుడి గది దగ్గర విడిచేస్తాను, వంటింట్లో వేసుకుంటాను. దీనికి మా అత్తగారు ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. ఒప్పించింది నేను కాదు, ఆవిడ డాక్టరే. షుగర్ చెకప్‌లో అరికాలి మీద పది గ్రాముల బరువుకి వంగే నైలాన్ పోగును ఆనించి, "తెలుస్తోందా అమ్మా?" అని అడిగారు. మూడు చోట్ల ఆవిడకు తెలియలేదు. పోగు ఆనినట్టు నేను చూస్తూనే ఉన్నాను, ఆవిడ మాత్రం "ఇంకా పెట్టలేదుగా" అన్నారు. ఆ సాయంత్రమే వెళ్ళి ఆవిడకు చెప్పులు కొన్నాం.

స్పర్శ తగ్గిన కాళ్ళకు బొటనవేలికీ రెండో వేలికీ మధ్య ముక్కు ఉండే చెప్పులు పనికిరావు, అక్కడ ఒరుసుకుపోయినా తెలియదు. కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియదు కాబట్టి వెనక స్ట్రాప్ ఉండి తీరాలి. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడిమి చూడాలి. మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక పాత అద్దం ఒకటి నేల మీద పెట్టి, దాని మీదుగా అత్తగారి అరికాళ్ళు చూస్తాను. ఎర్రబడిందా, బొబ్బ ఉందా, పగుళ్ళు లోతయ్యాయా అని. పగుళ్ళకు క్రీము రాస్తాం గానీ వేళ్ళ సందుల్లో రాయం, అక్కడ తడి నిలిస్తే పాచి పడుతుంది. ఆనికాయలకు మందుల షాపులో అమ్మే పట్టీలు ఆవిడకు అస్సలు వేయం. వాటిలో ఉండే శాలిసిలిక్ యాసిడ్ మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది. వేడినీళ్ళలో కాళ్ళు పెట్టడం కూడా మాన్పించాం. ఆవిడకు అది నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు.

లోపాలు చెప్పాలంటే, వానాకాలం ముందు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో ఈ చెప్పులు నరకం. లోపలి గుడ్డ నీళ్ళు పీల్చుకుంటే రెండు రోజులైనా ఆరదు, వాసన వస్తుంది. ఒకసారి మోకాలి లోతు నీళ్ళలో ఇంటికి నడిచాక కింది పొర గమ్ము వదిలేసి నాలుకలా వేలాడింది. ఆ నెలల్లో నేను కడిగి పారేసే ప్లాస్టిక్ శాండల్స్‌కి మారిపోతాను, కాళ్ళు తుడుచుకోవడానికి బ్యాగులో చిన్న తువ్వాలు ఉంటుంది. వెల్‌క్రోలో దుమ్మూ వెంట్రుకలూ చేరితే పట్టు పోతుంది, పాత టూత్‌బ్రష్‌తో గీకితే కొంత తిరిగి వస్తుంది. తడి మొజాయిక్ మీద జారుతాయి. వేగంగా వాకింగ్ చేయడానికి ఇవి కావు, దానికి బూట్లే వేసుకోవాలి.

ఎన్నాళ్ళు వస్తాయి అంటే, పైకి బాగానే ఉన్నా లోపల చచ్చిపోయి ఉంటాయి. నావి రోజూ వాడితే ఏడాది తిరిగేసరికి బొటనవేలి మొదట్లో పొర అట్టముక్క అంత పల్చబడుతోంది. మా వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన తెలుగాయనే. నా జత తిరగేసి చూసి, "మడమ బయటివైపే అరిగిపోతందమ్మా, వంకరగా నిలబడతన్నావు క్లాసులో" అన్నాడు. నిజమే, బోర్డు మీద రాసేటప్పుడు బరువంతా ఒక కాలి మీదే వేస్తాను. కింద కొత్త సోల్ వేసి ఇంకొన్నాళ్ళు నడిపించాడు. రిపేరుకి ఇచ్చేటప్పుడు ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. మేకులు కొట్టొద్దు, కుట్టాలి లేదా గమ్ముతో అంటించాలి. మా అత్తగారి జత అయితే పని అయ్యేదాకా పక్కనే నిలబడతాను.

ఖరీదు వెయ్యి రూపాయల చుట్టూ ఉంది, నేను చూసిన వాటిలో. పెరియమేడు తోలు బజారు వైపు వెళ్తే అట్ట కొలత చూపించి చేయించుకోవచ్చు, కాస్త ఎక్కువవుతుంది, రెండు మూడుసార్లు తిరగాలి. రంగులు మాత్రం నలుపు, గోధుమ, మళ్ళీ నలుపు. పెళ్ళిళ్ళకు పట్టుచీర కింద వీటిని దాచడం కుదరదు, నేను దాచను కూడా. ఇక ఆడవాళ్ళ విభాగంలో వెడల్పు జత దొరకడం నాకు ఇప్పటికీ కష్టమే. పోయిన నెల బూట్ల షాపులో మగవాళ్ళ ర్యాక్ నుంచి ఒకటి తీసి, అట్ట పెట్టి చూస్తుంటే కుర్రాడు పరుగెత్తుకొచ్చి "అక్కా, అది జెంట్స్" అన్నాడు. చిటికెన వేలు లోపలే ఉంది, మడమ కదలడం లేదు. బిల్లు వేయమన్నాను.